కాలు మొద్దుబారినవారికి చెప్పులు, బూట్లు: కొలత తీయడం నుంచి పాతబడేదాకా

అరికాలు మొద్దుబారినవారు చెప్పుల షాపులో చేసే పొరపాటు చాలావరకు ఒకటే. ఒక నంబరు చిన్నది కొంటారు. స్పర్శ తగ్గిన కాలికి సరిగ్గా సరిపోయే బూటు వదులుగా, జారిపోతున్నట్టు ఉంటుంది. బిగుతుగా నొక్కినప్పుడే "ఆఁ, ఇప్పుడు కాలికి పట్టింది" అనిపిస్తుంది. ఆ పట్టే సాయంత్రానికి చిటికెనవేలి పక్కన బొబ్బ లేపుతుంది. నొప్పి తెలియదు కాబట్టి మర్నాడూ అదే బూటు తొడుగుతారు. బొబ్బ చితికి సాక్సుకి మరక అంటేదాకా ఇంట్లో ఎవరికీ తెలియదు.

కాబట్టి ఇక్కడ చెప్పేదంతా ఒక్క పద్ధతి మీదే నడుస్తుంది: హాయిగా ఉందా లేదా అని కాలిని అడగకండి. టేపునీ, అట్టనీ, కంటినీ, గడియారాన్నీ అడగండి.

1. ముందు కాలి పరిస్థితి తేల్చుకోండి

పాదాల దాకా వచ్చే నరాలు దెబ్బతినడమే న్యూరోపతి. మన దగ్గర ఎక్కువమందికి షుగరు వల్ల వస్తుంది. విటమిన్ బి12 తగ్గినా, మద్యం అలవాటున్నా, థైరాయిడ్, కిడ్నీ జబ్బులున్నా, కొన్ని కేన్సరు మందులు వాడినా, టీబీకి ఇచ్చే ఐసోనియాజిడ్ వల్లనైనా, కుష్ఠు వల్లనైనా రావచ్చు. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ అనే షుగరు మందు వాడేవారిలో బి12 తగ్గడం మామూలే, ఒకసారి రక్తపరీక్ష చేయించుకోవడం మంచిది. కారణాన్ని బట్టి మందు మారుతుంది. చెప్పుల లెక్క మాత్రం మారదు.

ఒక అపోహ ముందే తీసేయాలి. "నాకు మంటలు, సూదులతో పొడిచినట్టు ఉంటుంది కదా, స్పర్శ ఉన్నట్టే" అనుకుంటారు. రాత్రుళ్లు మంటలతో నిద్ర పట్టని పాదమే పగలు మేకు గుచ్చుకున్నా గుర్తించకపోవచ్చు. మంట పుట్టించేదీ, గాయాన్ని దాచేదీ ఆ దెబ్బతిన్న నరాలే.

ఇంట్లో చేసుకోగల పరీక్ష ఒకటి ఉంది. మీరు కళ్లు మూసుకుని పడుకోండి. ఇంట్లోవాళ్లు చూపుడువేలి కొసతో మీ కాలి వేళ్ల కొసలను ఒకటి రెండు సెకన్లు తేలిగ్గా తాకాలి. నొక్కకూడదు, రాయకూడదు, చక్కిలిగిలి పెట్టకూడదు. ఒక్కో పాదంలో బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు, మొత్తం ఆరు చోట్లు. తాకినప్పుడల్లా కుడో ఎడమో మీరు చెప్పాలి. ఆరింటిలో రెండు, అంతకన్నా ఎక్కువ చోట్ల తెలియకపోతే మీ పాదానికి రక్షణ స్పర్శ, అంటే గాయాన్ని పసిగట్టే స్పర్శ, లేదనే లెక్క వేసుకోండి. ఆసుపత్రిలో ఇదే సంగతిని 10 గ్రాముల మోనోఫిలమెంట్ అనే నైలాన్ పోగుతో, కొడితే కంపించే 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కుతో చూస్తారు. గుంటూరు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికైనా, విజయవాడ ప్రభుత్వాసుపత్రికైనా, మంగళగిరి ఎయిమ్స్‌కైనా వెళ్లినప్పుడు పాదాలు చూడమని మీరే అడగండి. చాలామంది రిపోర్టులు చూపించుకుంటారు గానీ చెప్పులు విప్పరు.

కొన్ని పరిస్థితుల్లో షాపుకి వెళ్లనే కూడదు. పుండు తెరిచి ఉంటే దానికి మామూలు చెప్పు పనికిరాదు. ఆ చోట బరువు పడకుండా డాక్టరు ప్రత్యేకంగా ఏర్పాటు చేయాలి. ఒక పాదం రెండోదానికన్నా వేడిగా, ఉబ్బి, ఎర్రబడి ఉంటే నొప్పి లేకపోయినా నడవడం ఆపి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. లోపల ఎముకలు విరిగి, కీళ్లు కదిలిపోతూ ఉండొచ్చు. దీన్ని షార్కో పాదం అంటారు. బెణికిందిలే అని రెండు వారాలు నడిస్తే పాదం ఆకారమే మారిపోతుంది.

వేళ్లు గద్దగోళ్లలా వంకరపోయినవారికి, ఒకసారైనా పుండు వచ్చి మానినవారికి, వేలు తీసేసినవారికి షాపులో తయారుగా ఉన్న జత చాలదు. డాక్టరు రాసిచ్చిన కాగితంతో ఆర్థోటిక్స్ (కాలికి తగ్గ ప్రత్యేక చెప్పులు, ఆసరాలు) చేసేవారి దగ్గర పాదం అచ్చు తీయించి చేయించుకోవాలి. కింద చెప్పే పరీక్షలు ఆ జతకూ వర్తిస్తాయి, ప్రత్యేకంగా చేయించింది కదా అని వదిలేయకండి.

2. అట్ట మీద మీ పాదం

కొలత సాయంత్రం 5, 6 గంటల మధ్య తీయండి. రోజంతా నిలబడ్డాక, బస్సులో కాళ్లు వేలాడేసి కూర్చున్నాక పాదం ఉబ్బుతుంది. పొద్దున్న కొలిచి కొన్న బూటు సాయంత్రం కరుస్తుంది.

నున్నటి నేల మీద పెద్ద తెల్ల కాగితం పరిచి, మీరు బయటికి వేసుకునే సాక్సులతోనే దానిమీద నిలబడండి. రెండు కాళ్ల మీద బరువు సమానంగా ఉండాలి. గీసేది మీరు కాదు. మీరు వంగితే బరువు ముందుకి పోయి కొలత మారుతుంది. ఇంకొకరు పెన్సిలు నిటారుగా పట్టుకుని చుట్టూ గీయాలి. పెన్సిలు పాదం కిందికి వాలితే వెడల్పులో అర సెంటీమీటరు దాకా తగ్గిపోతుంది, కొన్న బూటు బిగిసిపోవడానికి ఆ అర సెంటీమీటరు చాలు. రెండో పాదానికీ అలాగే గీయండి. రెండూ ఒకేలా ఉండటం అరుదు, పెద్దదాన్నే లెక్కలోకి తీసుకోవాలి.

మూడు కొలతలు రాసుకోండి. మడమ చివర నుంచి అన్నిటికన్నా పొడవైన వేలి కొస దాకా పొడవు. కొందరికి రెండో వేలు బొటనవేలికన్నా పొడవుంటుంది, అది మరిచిపోతే ఆ గోరు నల్లబడుతుంది. తర్వాత బొటనవేలి మొదట్లో ఎముక నుంచి చిటికెనవేలి మొదట్లో ఎముక దాకా వెడల్పు. చివరిగా ఎత్తు: పాదం నేల మీద ఉంచి పక్కన స్కేలు నిలబెట్టి, ఎక్కువ పైకి లేచిన వేలి కణుపు ఎంత ఎత్తులో ఉందో చూడండి. మెట్టెలు పెట్టుకునే ఆడవాళ్లు వాటితోనే కొలవాలి. ఉబ్బిన వేలికి మెట్టె బిగిసి ఉంటే బూటు లోపల అది చర్మంలోకి దిగుతుంది. బిగిసిన మెట్టెని ముందు వదులు చేయించుకోండి. మూసి ఉండే బూటు తొడిగేటప్పుడు తీసేస్తే ఇంకా మంచిది.

ఇప్పుడు అట్ట. గట్టి అట్ట ముక్కని సెంటీమీటరు వెడల్పు పట్టీగా కత్తిరించండి. పొడవు మీ పాదం పొడవుకి 1.2 సెంటీమీటర్లు కలిపినంత. పాదం 25.4 అయితే పట్టీ 26.6 ఉండాలి. గీసిన పాదం ఆకారాన్ని కూడా ఇంకో పలచటి అట్ట మీద వేసి కత్తిరించుకోండి. ఈ రెండూ సంచిలో పెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

నంబరు సంగతి కొంచెం. మన షాపుల్లో 7, 8, 9 అనేవి యూకే లెక్క, ఒక నంబరుకి తేడా సుమారు 8.5 మిల్లీమీటర్లు. 40, 41, 42 అనేవి యూరప్ లెక్క, తేడా సుమారు 6.7 మిల్లీమీటర్లు. రెండు కంపెనీల 8వ నంబర్లు లోపల ఒకే పొడవు ఉంటాయన్న గ్యారంటీ లేదు. "నాది ఎప్పుడూ ఎనిమిదే" అన్న మాట పక్కన పెట్టండి, ఏళ్లు గడిచేకొద్దీ పాదం వెడల్పు పెరుగుతుంది, వంపు కుంగుతుంది.

3. ఎలాంటిది కొనాలి

ముందుగా కొనకూడనివి చెప్పడమే మేలు.

బుడిపెలున్న ఆక్యుప్రెషర్ చెప్పులు. తిమ్మిర్లకి మంచివని చెప్పి ఎగ్జిబిషన్లలో, రోడ్డు పక్కన అమ్ముతారు, పిల్లలు ప్రేమగా కొని అమ్మానాన్నలకి ఇస్తారు. స్పర్శ లేని అరికాలికి ఇవి నిజంగా హాని చేస్తాయి. బరువంతా ఆ కొద్ది బుడిపెల మీద పడి, ఒక్కో బుడిపె కింద చర్మం లోపల చితుకుతుంది. నొప్పి ఉన్నవాళ్లు పది నిమిషాలకి విప్పేస్తారు. నొప్పి లేనివాళ్లు "నాకు బానే ఉంది" అని గంటసేపు తిరుగుతారు. ఇంట్లో ఉంటే ఇవ్వాళే తీసేయండి.

హవాయి చెప్పులు. బొటనవేలికీ రెండోవేలికీ మధ్య ఉండే పుల్ల అక్కడి పలచటి చర్మాన్ని కోస్తుంది. పైగా చెప్పు జారకుండా వేళ్లు తెలియకుండానే ముడుచుకుంటాయి, ఏళ్ల మీద అలా ముడుచుకోవడమే వేళ్లని వంకర చేస్తుంది. మొద్దుబారిన కాలి నుంచి చెప్పు జారిపోయి, వట్టి కాలితో నాలుగడుగులు వేసినా తెలియదు. వెనక మడమకి పట్టీ లేని ఏ చెప్పుతోనూ ఈ ఇబ్బంది తప్పదు.

కోసుగా ఉండే బూట్లు, రెండున్నర సెంటీమీటర్లు దాటిన మడమ ఎత్తు, లోపల ప్లాస్టిక్ పూత ఉన్న రెక్సిన్ బూట్లు కూడా వద్దు. ఎత్తు మడమ బరువునంతా వేళ్ల మొదళ్ల మీదకి తోస్తుంది, మామూలుగానే ఆనెకాయలు లేచేదీ పుండు పడేదీ అక్కడే.

ఇక కొనాల్సినవి. మనకి ఎండ, చెమట ఎక్కువ కాబట్టి రోజువారీకి వెనక పట్టీ ఉండి, పైన వెల్క్రోతో సర్దుకునే వెడల్పాటి శాండిల్ సరిపోతుంది. పట్టీలు కనీసం రెండు చోట్ల విప్పి బిగించేలా ఉండాలి, పొద్దుటి పాదానికీ సాయంత్రపు పాదానికీ తేడా సర్దడానికి. పట్టీల లోపలివైపు మెత్తటి అస్తరు ఉండాలి, కుట్టు కొస గానీ రివిట్టు గానీ చర్మానికి తగలకూడదు. బండి నడిపేవారు, మిర్చి యార్డులోనో గోడౌన్లలోనో పనిచేసేవారు, పొలం గట్ల మీద తిరిగేవారు ముందు మూసి ఉండే బూటే తీసుకోవాలి. వేలి కొసకి రాయి తగిలితే కాపాడేది అదే.

సర్జికల్ షాపుల్లో ఎంసీఆర్ చెప్పులని అడిగితే ఇస్తారు. మైక్రో సెల్యులర్ రబ్బరు. దీని వెనక పెద్ద కథే ఉంది. 1946లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల పాదాలను ఏళ్ల తరబడి గమనించి, ఆ పుండ్లు మాంసం కుళ్లడం వల్ల రావడం లేదని తేల్చారు. నొప్పి తెలియని పాదం ఒకే చోట వేలసార్లు ఒత్తిడి పడినా అడుగు మార్చదు, పుండు అక్కడ పుడుతుంది. ఆ ఒత్తిడిని పాదమంతా పంచేందుకు వేలూరులో వాడుకలోకి వచ్చినవే ఈ చెప్పులు. కుష్ఠు వల్ల స్పర్శ పోయినవారికి ప్రభుత్వ కార్యక్రమం కింద ఇప్పటికీ ఉచితంగా ఇస్తున్నారు, ఆ అర్హత ఉన్నవారు దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగాలి.

ఎంసీఆర్ పేరుతో అమ్మేదంతా ఎంసీఆర్ కాదు. బొటనవేలితో గట్టిగా నొక్కి వదలండి. అసలైనది సగం దాకా కుంగి వెంటనే పైకి లేస్తుంది. గుంట అలాగే నిలిచిపోతే అది చవక ఫోము, నెలలో అట్టలా అయిపోతుంది. అసలు కుంగకపోతే మామూలు రబ్బరు. పైన ఈ మెత్తటి పొర ఉండగా కింద గట్టి రబ్బరు సోల్ తప్పనిసరి, లేకపోతే తుమ్మముల్లు రెండు పొరలూ దాటి పాదంలోకి దిగుతుంది. పొరలని అతికించి కుట్టాలి, మేకులు కొట్టకూడదు.

మెత్తదనం గురించి ఇంకో మాట. దూదిలా దిగబడే సోల్ హాయిగా అనిపిస్తుంది గానీ, న్యూరోపతి ఉన్నవారికి నేల ఎక్కడుందో పాదం సరిగా చెప్పలేదు. అంత మెత్తటి సోల్ మీద తూలిపోతారు. మెత్తదనం లోపలి పొరలో ఉండాలి, కింద సోల్ గట్టిగా, వెడల్పుగా ఉండాలి. ముందు భాగం పడవ మూతిలా పైకి లేచిన రాకర్ సోల్ వేళ్ల మొదళ్ల మీద ఒత్తిడి బాగా తగ్గిస్తుంది, కానీ తూలే అలవాటున్నవారు డాక్టరుని అడగకుండా తీసుకోవద్దు. చేతికర్రతో అలవాటు చేసుకోవాల్సి రావచ్చు.

4. షాపులో

విజయవాడ బీసెంట్ రోడ్డులోనైనా, గుంటూరు బ్రాడీపేటలోనైనా ఆదివారం సాయంత్రం, పండగ ముందు రోజులు వద్దు. ఆ రద్దీలో సేల్స్ కుర్రాడు ఇంకో జత తేవడానికే విసుక్కుంటాడు, మీరూ మొహమాటపడి ఏదో ఒకటి తీసుకుంటారు. మామూలు రోజు సాయంత్రం వెళ్లండి. వెంట అట్టలు, టేపు, సాక్సులు, డాక్టరు ఇన్‌సోల్ (బూటు లోపల పాదం కింద పరిచే పొర) ఇచ్చి ఉంటే అదీ తీసుకెళ్లండి. ఫోన్లో టార్చి ఎలాగూ ఉంటుంది.

తొడగకముందే చేయాల్సినవి నాలుగు ఉన్నాయి. చెయ్యి లోపల పెట్టి పై భాగం, పక్కలు, ముందు మూల అంతా తడమండి. కుట్టు, గట్టి అంచు, జిగురు గడ్డ తగిలితే అక్కడితో ఆపేయండి. మీ చేతివేళ్లు కూడా తిమ్మిరెక్కేవైతే తోడు వచ్చినవారితో తడిమించి, టార్చి వేసి చూడండి. తర్వాత రెండు చివరలా పట్టి వంచండి: వేళ్లు వంగే చోటే వంగాలి. మధ్యలో మడత పడితే ఆ బూటు పాదానికి ఆసరా ఇవ్వదు. తడిగుడ్డ పిండినట్టు మెలితిప్పండి, తేలిగ్గా తిరగకూడదు. మడమ వెనక భాగాన్ని బొటనవేలు, చూపుడువేలు పెట్టి నొక్కండి, అది కూలిపోకుండా నిలవాలి.

ఇప్పుడు అట్ట పట్టీని లోపల మడమ నుంచి ముందుకి పడుకోబెట్టండి. వంగిందంటే బూటు పొట్టి. ఇంకో అర సెంటీమీటరు దాకా ముందుకీ వెనక్కీ జరిగితే ఫర్వాలేదు. అంతకు మించితే పాదం లోపల జారి మడమ ఒరుసుకుంటుంది. పాదం ఆకారపు అట్టని దూర్చి చూడండి. పక్కల అట్ట పైకి మడుచుకుంటే ఆ వెడల్పు చాలదు. లోపలి ఇన్‌సోల్ ఊడివచ్చేదైతే తీసి నేల మీద పెట్టి దానిమీద నిలబడండి. పాదం చుట్టూ ఇన్‌సోల్ అంచు కనపడాలి. వేలో, చిటికెనవేలి మొదలో బయటికి పొంగితే ఆ మేర బూటు మిమ్మల్ని నొక్కుతుందన్నమాట.

వెడల్పు చాలకపోతే "ఒక నంబరు పెద్దది వేసుకోండి, సరిపోద్ది" అంటారు. వినకండి. పొడవు పెరిగితే బూటు వంగే చోటు మీ వేళ్లు వంగే చోటు దాటి ముందుకి పోతుంది, పాదం వెడల్పు భాగం బూటులో ఇరుకు చోట పడుతుంది, నడిచినకొద్దీ పాదం ముందుకి జారుతుంది. అదే నంబరులో వెడల్పు రకం అడగండి. కొన్ని కంపెనీలు వెడల్పుని ఈఈ, 4ఈ అని రాస్తాయి. ఆ రకం లేకపోతే వేరే మోడల్, అదీ లేకపోతే వేరే షాపు.

అట్టలు ఒప్పుకున్న జతనే తొడగండి. రెండు కాళ్లకీ తొడిగి, లేసులు లేదా వెల్క్రో పూర్తిగా వేసి, నిలబడండి. పొడవైన వేలి ముందు మీ చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి, బయటి నుంచి నొక్కి చూసే పని తోడు వచ్చినవారిది. పాదం వెడల్పు భాగం మీద తోలుని చిటికెతో పట్టుకుంటే కొంచెం చేతికి రావాలి. తర్వాత షాపులో పది నిమిషాలు నడవండి, మెట్లుంటే ఎక్కి దిగండి. సాక్సు విప్పి పాదం చూసుకోండి. ఎక్కడైనా నొక్కిన గీత పడి ఉంటే ఆ జత వద్దు.

"తొడిగితే సాగుతుంది" అని షాపువాళ్లు చెప్పే మాట నిజమే, తోలు సాగుతుంది. దాన్ని సాగదీసేది మీ చర్మం. స్పర్శ ఉన్నవాళ్లకి ఆ నాలుగు రోజులు నొప్పి. మీకు పుండు.

బిల్లు జాగ్రత్త చేసుకుని, మార్చుకోవడానికి ఎన్ని రోజులిస్తారో అడిగి తీసుకోండి.

5. ఇంటికి తెచ్చాక మొదటి రెండు వారాలు

మార్చుకునే వీలు పోకుండా ముందు ఇంట్లో, శుభ్రమైన గచ్చు మీదే వాడండి.

మూసి ఉండే బూటైతే మొదటి రోజు ఒక చిన్న పరీక్ష చేయండి. చపాతీ పిండిని ఉసిరికాయంత ముద్ద చేసి పలచటి పాలిథిన్ కవర్లో చుట్టి, మీ వేళ్లలో ఎత్తుగా ఉన్న వేలి మీద ఆని ఉండేలా పెట్టి, జాగ్రత్తగా బూటు తొడిగి, ఒక నిమిషం నిలబడి, విప్పండి. ముద్ద కాగితంలా అణిగిపోయి ఉంటే వేలికీ బూటు కప్పుకీ మధ్య చోటు లేనట్టే. అర సెంటీమీటరు మందంగా మిగిలితే మంచిది. కన్ను చూడలేని చోటుని పిండి చూపిస్తుంది.

మొదటి రోజు అరగంట, రెండో రోజు గంట, తర్వాత రోజుకో గంట చొప్పున పెంచుకుంటూ పోండి. ప్రతిసారీ విప్పగానే రెండు పాదాలూ వెలుతురులో చూసి, గడియారం చూసుకోండి. ఎర్రబడిన చోటు 20, 30 నిమిషాల్లో మామూలైపోతే సరే. పోకపోతే ఆ చోట బూటు ఎక్కువ నొక్కుతోందని అర్థం. ఒకటి రెండు రోజులు ఆపి మళ్లీ ప్రయత్నించినా అలాగే ఉంటే బిల్లు పట్టుకుని షాపుకి వెళ్లండి.

చామనఛాయ, నలుపు చర్మం మీద ఎరుపు సరిగా కనపడదు. నల్లబారిన మచ్చ, మెరిసే చర్మం, వాపు కోసం చూడండి, అరచేతి వెనక భాగం ఆనించి రెండు పాదాల వేడీ పోల్చండి. పసుపు రాసుకునే అలవాటున్నవారు పాదాలు చూసుకున్నాకే రాసుకోవాలి, పసుపు కింద ఎరుపు అస్సలు తెలియదు. అరికాలు వంగి చూడలేకపోతే ఫోనుతో ఫొటో తీయించుకోండి. నిన్నటి ఫొటో పక్కన పెట్టుకుంటే మార్పు పట్టేయొచ్చు. కోవిడ్ రోజుల్లో కొన్న థర్మామీటర్ గన్ చాలా ఇళ్లలో మూల పడి ఉంటుంది. వస్తువుల వేడి కొలిచే మోడ్‌లో పెట్టి రెండు పాదాల్లో ఒకే చోట కొలవండి. తేడా 2.2 డిగ్రీల సెల్సియస్ దాటి రెండు రోజులు వరుసగా ఉంటే నడక తగ్గించి డాక్టరుని కలవాలి.

అలవాటైన తర్వాత కూడా ఒకే జత రోజంతా వద్దు. రెండు జతలు ఉంచుకుని మధ్యాహ్నం మార్చండి. ఒత్తిడి పడే చోటు మారుతుంది, చెమట ఆరుతుంది.

తొడిగే ముందు ప్రతిసారీ బూటు తిరగేసి దులపండి, తర్వాత చెయ్యి పెట్టి చూడండి. బియ్యపు గింజ, పిన్నీసు, మనవడి బొమ్మ చక్రం, రూపాయి బిళ్ల, వీటిలో ఏదున్నా మీ కాలు చెప్పదు.

6. సాక్సులు

తెల్లవి లేదా లేత రంగువి. రక్తం, చీము మరక వెంటనే కనపడుతుంది. వేళ్ల దగ్గర కుట్టు లేనివి దొరక్కపోతే తిరగేసి తొడగండి. పైన ఎలాస్టిక్ పిక్క మీద గీత పడేంత బిగుతు కాకూడదు. చిరిగినదాన్ని కుట్టి వాడొద్దు, ఆ కుట్టు ముడే రాయిలా నొక్కుతుంది. రోజూ ఉతికినది వేసుకోవాలి. సాక్సులతో మాత్రమే ఇంట్లో తిరగొద్దు, గచ్చు మీద జారతారు.

7. ఇన్‌సోల్ వేయించడం, చెప్పు బాగు చేయించడం

మామూలు బూటులో మెత్తటి ఇన్‌సోల్ అదనంగా వేయడం మంచిదేనని చాలామంది అనుకుంటారు. ఆరు మిల్లీమీటర్ల ఇన్‌సోల్ పాదాన్ని ఆరు మిల్లీమీటర్లు పైకి లేపుతుంది, వేళ్లు బూటు కప్పుకి కొట్టుకుంటాయి. అరికాలి ఒత్తిడి తగ్గించబోయి వేళ్ల మీద పుండు తెచ్చుకున్నట్టవుతుంది. ఉన్న ఇన్‌సోల్ తీసి ఆ చోట కొత్తది వేయాలి, లేదా లోతు ఎక్కువగా ఉండే బూటు కొనాలి. వేసిన తర్వాత పిండిముద్ద పరీక్ష మళ్లీ చేయండి.

చెప్పులు కుట్టేవారి దగ్గరికి ఇచ్చినప్పుడు రెండు మాటలు తప్పకుండా చెప్పండి: మేకు వద్దు, లోపలివైపు దారం ముడి వద్దు. తీసుకునేటప్పుడు అక్కడే చెయ్యి పెట్టి తడిమి చూడండి. పట్టీ వదులు చేయాలంటే, పొడుచుకొచ్చిన ఎముక దగ్గర తోలు కొంచెం సాగదీయాలంటే వాళ్లు చక్కగా చేస్తారు, ఎక్కడ నొక్కుతోందో సున్నాగా గుర్తు పెట్టి ఇస్తే చాలు. ఆనెకాయల్ని బ్లేడుతో కోయడం, షాపులో దొరికే ఆనెకాయ ప్లాస్టర్లు అంటించడం మాత్రం వద్దు. ఆ ప్లాస్టర్లలో ఆమ్లం ఉంటుంది, మొద్దుబారిన చర్మాన్ని లోతుగా కాల్చేస్తుంది.

8. ఎండ, ఇల్లు, గుడి, బండి

రోహిణి కార్తెలో బెజవాడ తారు రోడ్డు మీదే కాదు, డాబా మీద, గుడి ప్రాంగణంలో రాతి బండల మీద కూడా నాలుగడుగులకే అరికాలు బొబ్బలెక్కుతుంది. స్పర్శ ఉన్నవారు గెంతుతూ నీడకి పరిగెత్తుతారు. మీకు ఆ హెచ్చరిక రాదు. ఎండలో నిలిపిన కారులో వదిలిన చెప్పులు, గడప బయట ఎండకి కాగిన చెప్పులు కూడా కాలుస్తాయి. ముందు మోచేతితో తాకి చూసి తొడగండి. తిమ్మిరికి ఉప్పు వేసిన వేడినీళ్లలో కాళ్లు పెట్టే అలవాటు మానుకోవాలి, దాంతో కాలిన పాదాలు ఎక్కువే.

బయటి చెప్పులు ఇంట్లోకి రానివ్వం కదా. అందుకే ఇంట్లోకి వేరే జత ఉండాలి, దానికీ వెనక పట్టీ ఉండాలి. మంచం పక్కనే పెట్టుకోండి, రాత్రి బాత్రూముకి లేచినప్పుడు వెతకకుండా అందాలి. పూజగదిలో విప్పాల్సి వస్తే అక్కడ మందపాటి చాప వేసుకుని దాని మీదే ఉండండి.

విజయవాడ దుర్గమ్మ కొండ ఇంద్రకీలాద్రికి వెళ్లాలంటే తెల్లవారుజామున, లేదా పొద్దుగూకాక వెళ్లండి. మెట్లు కాకుండా ఘాట్ రోడ్డు మీదుగా వాహనంలో పైకి వెళ్తే వట్టికాళ్ల నడక బాగా తగ్గుతుంది. చెప్పులు స్టాండులో పెట్టి తిరిగి తీసుకున్నాక పాదాలు చూసుకుని, చెప్పులు దులుపుకుని తొడగండి. భవానీ దీక్ష, గిరిప్రదక్షిణ లాంటి చెప్పుల్లేని నడకలు మొక్కుకోవద్దని గట్టిగా చెబుతున్నాం. ఇప్పటికే మొక్కుకున్నవారు గురుభవానికి కాలి సంగతి చెప్పి, అమ్మవారికి ఇంకో రూపంలో సేవ చేసే దారి అడగండి.

బండి మీద వెనక కూర్చునేవారు పాదం సైలెన్సరుకి తగలకుండా చూసుకోవాలి, కాలిన వాసన వచ్చేదాకా తెలియకపోవచ్చు. గేరు బండి నడిపేవారి ఎడమ బూటు పై భాగం గేరు రాడ్డుకి రోజూ ఒరుసుకుని పలచబడుతుంది, లోపల వేలి మీద ఆనె లేస్తుంది. బూటు మీద ఆ మచ్చ కనపడితే పాదంలో అదే చోటు చూడండి.

వానాకాలం నిలిచిన నీళ్లలోకి శాండిళ్లతో దిగొద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ సింగ్‌నగర్‌ని ముంచినప్పటిలా తప్పనిసరైతే మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు, లోపల సాక్సులు వేసుకుని, తిరిగి రాగానే కాళ్లు కడిగి వేళ్ల సందులు పొడిగా తుడవాలి. నీటి కింద ఏమున్నదో కనపడదు, మీ కాలు చెప్పదు. తడిసిన బూట్లు నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే ఎంసీఆర్ గట్టిపడిపోతుంది.

9. ఎప్పుడు మార్చాలి

బయటికి బాగున్నట్టు కనపడే జత లోపల అయిపోయి ఉండొచ్చు. నెలకోసారి మెత్తటి పొరని బొటనవేలితో నొక్కండి. వేళ్ల మొదళ్లు ఆనే చోట కుంగి లేవకపోతే, అక్కడ గుంట నల్లగా నిలిచిపోతే మార్చాల్సిందే. రోజూ వాడేవారికి ఆరు నెలల నుంచి ఏడాది లోపు ఆ రోజు వస్తుంది. బల్ల మీద పెట్టి వెనక నుంచి చూడండి. మడమ ఒకవైపు అరిగి బూటు పక్కకి వాలితే కొని ఎన్ని నెలలే అయినా, అది అయిపోయినట్టే. వెల్క్రో పట్టు తప్పితే మాత్రం జత పారేయనక్కర్లేదు, వెల్క్రో మార్పిస్తే చాలు.

పాత జతని వెంటనే పారేయకండి. కొత్తది కొనడానికి వెళ్లేటప్పుడు, డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు సంచిలో వేసుకెళ్లండి. ఎడమది బయటివైపు అరిగిందా, బొటనవేలి కింద గుంట పడిందా, ఏ పట్టీ ఎక్కువ సాగింది అనేవి చూస్తే, మీరు నడిచేటప్పుడు బరువు ఎక్కడ పడుతోందో చెప్పగలిగేది ఆ పాత చెప్పే.